ఎనిమిది బైట్ల వెల
ఈథర్‌నెట్‌పై పి.పి.పి. చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దపు భౌతికశాస్త్రజ్ఞులు కాంతి ప్రసరించుటకు విశ్వమంతట నిండిన ‘ఈథర్’ అను యానకము కలదని నమ్మిరి. 1887లో మైకెల్సన్, మోర్లీలు జరిపిన ప్రయోగములో దాని జాడ కనబడలేదు. 1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతముతో దాని అవసరమే తీరిపోయెను. అయినను పేరు నిలిచినది. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రములో రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను కలుపు పద్ధతినొకదానిని రూపొందించి దానికి ‘ఈథర్‌నెట్’ అని పేరిడెను. డేవిడ్ బాగ్స్ ఆ పనిలో ఆయనకు తోడ్పడెను.

పేరు తగినదే. ఆ రోజులలో ఒకే కేబులును అన్ని కంప్యూటర్లును పంచుకొనెడివి. ఒకటి పంపిన సందేశము కేబులు పొడవున వ్యాపించి అన్నింటికిని చేరెడిది. ఎవరి చిరునామాతో వచ్చినదో ఆ యంత్రము మాత్రమే దానిని స్వీకరించెడిది. ఇట్టి సందేశమును ‘ఫ్రేము’ అందురు. ఒక ఫ్రేములో పట్టు సమాచారము 1500 బైట్లకు మించరాదని 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రకటించిన నియమావళి నిర్ణయించెను. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఒక కార్యాలయమునకు ఈ ఏర్పాటు చాలును. అందరును తెలిసినవారే గనుక ‘నీవెవరవు?’ అని అడుగ పనిలేదు. సంభాషణ ఎప్పుడు మొదలైనది, ఎప్పుడు ముగిసినది అను లెక్కయు అక్కరలేదు.

టెలిఫోను తీగ స్వభావము వేరు. అందు ఈ చివరనొకరు, ఆ చివరనొకరు ఉందురు. ఫోను చేసి ఇంటర్నెట్టును చేరు రోజులలో వాడిన ‘స్లిప్’ అను పద్ధతి 1988లో గ్రంథస్థమైనది. అది వచ్చినవారెవరో అడుగదు. చిరునామా ఇచ్చు ఏర్పాటును అందు లేదు. ఆ కొరతలు తీర్చుటకు ‘పాయింట్ టు పాయింట్ ప్రోటోకాల్’, అనగా పి.పి.పి., 1989లో ప్రకటింపబడెను. 1994లో విలియం సింప్సన్ సంపాదకత్వమున దానికి స్థిరమైన రూపము వచ్చెను. ఇందు మొదట రెండు యంత్రములును షరతులు కుదుర్చుకొనును. పిదప పేరు, రహస్యపదము సరిచూచుకొనును. ఆ పిమ్మట చిరునామా ఇచ్చిపుచ్చుకొనును. చివరకు సెలవు తీసికొనును. ఎవరు ఎంతసేపు వాడిరో సేవా సంస్థలకు లెక్క దొరకెను.

1990 దశకపు చివరలో డి.ఎస్.ఎల్. వచ్చెను. మాట నడచు అదే రాగితీగపై, మాటకు అక్కరలేని హెచ్చు పౌనఃపున్యములలో సమాచారము నడచును. ఈ మోడెమును కంప్యూటరునకు కలుపుటకు ఈథర్‌నెట్టే చౌకయైన సాధనము. అయితే ఇక్కడనే చిక్కు వచ్చెను. సేవా సంస్థల ఖాతాలన్నియు పి.పి.పి. చుట్టు అల్లుకొని యుండెను. ఈథర్‌నెట్టో ఎవరినీ పేరడుగదు. 1999 ఫిబ్రవరిలో యూయూనెట్, రెడ్‌బ్యాక్, రౌటర్‌వేర్ సంస్థల ఇంజనీర్లు ఈ చిక్కునకు ఉపాయమును ప్రకటించిరి. ఆర్.ఎఫ్.సి. 2516 అను ఆ పత్రము ప్రమాణముగా కాక, కేవలము సమాచారార్థము వెలువడినది.

ఉపాయము రెండంచెలది. మొదట ఇంటి కంప్యూటరు ‘సేవ చేయగలవారెవరైన కలరా?’ అని ఈథర్‌నెట్‌పై దండోరా వేయును. విన్న సంస్థ యంత్రములు తాము సిద్ధమని జవాబిచ్చును. వానిలో ఒకదానిని కంప్యూటరు ఎన్నుకొని అభ్యర్థించును. ఆ యంత్రము ఒక సెషను సంఖ్యనిచ్చును. ఇక రెండవ అంచెలో పి.పి.పి. సంభాషణ యథాప్రకారము సాగును. కవరులో మరియొక కవరు పెట్టినట్లు, పి.పి.పి. సందేశము ఈథర్‌నెట్ ఫ్రేములో ఇమిడి పోవును. దీనినే సొరంగమందురు.

కనుకనే ఈ పద్ధతిలో కంప్యూటరునకు రెండు ద్వారములు ఏర్పడును. ఒకటి ఈథర్‌నెట్ కార్డు. రెండవది దానిపై నిలిచిన ఊహాద్వారము. సంస్థ ఇచ్చు చిరునామా రెండవదానికే చెందును. ఇంటర్నెట్టునకు పోవు దారియు దానిగుండనే చూపవలెను. సంస్థతో సంబంధమునకు కార్డునకు ప్రత్యేక ఐ.పి. చిరునామా అక్కరలేదు.

కాని లోపలి కవరునకును బరువుండును. సొరంగపు శీర్షికకు 6 బైట్లు, పి.పి.పి. గుర్తునకు 2 బైట్లు, వెరసి 8 బైట్లు పోగా, 1500లో మిగులునవి 1492. ఈ స్వల్పమైన తేడా పెద్ద తిప్పలు తెచ్చెను. దూరపు సర్వరు 1500 బైట్ల ప్యాకెట్టును ‘ముక్కలు చేయరాదు’ అను గుర్తుతో పంపిన, అది సొరంగములో పట్టదు. సొరంగపు మొదట నున్న యంత్రము దానిని విడిచి, ‘ఇంతకంటె చిన్నది పంపుము’ అని కబురు చేయవలెను. కొన్ని చోట్ల కాపలా యంత్రములు ఆ కబురునే ఆపివేయును. అప్పుడు చిన్న సందేశములు చక్కగా నడచును, పెద్ద పేజీలు నడుమ నిలిచిపోవును. లైను బాగుగనే యున్నది గనుక దోషమెక్కడనో వాడుకరికి అంతుచిక్కదు.

దీనికి విరుగుడు ఊహాద్వారపు గరిష్ఠ పరిమితిని 1492గా అమర్చుట. ఇంటిలో పెక్కు కంప్యూటర్లున్నచో, ప్రతి టి.సి.పి. సంబంధము మొదలగునప్పుడే సమాచారపు పరిమితిని రూటరు 1452కు తగ్గించును. రెండు శీర్షికలకు ఇరవైయేసి బైట్లు పోవుటచే ఈ లెక్క వచ్చినది. 2006లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 4638, నడుమనున్న ఈథర్‌నెట్ పెద్ద ఫ్రేములను మోయగలిగిన చోట, పూర్తి 1500 బైట్లకు ఒప్పుకొను మార్గము చూపెను.

భారతదేశములో 2005లో భారత్ సంచార్ నిగమ్ టెలిఫోను తీగలపై బ్రాడ్‌బ్యాండ్ సేవ ఆరంభించినప్పుడు తెలుగునాట ఇండ్లకును ఈ పద్ధతియే వచ్చెను. రాగితీగల స్థానమున గాజు తంతులు వచ్చినను పెక్కు సంస్థలు దీనిని విడువలేదు. ఫోను చేయు కాలము గడచినది; పేరు చెప్పి లోనికి వచ్చు ఆచారము మాత్రము రూటరు అమరికలలో 1492 అను సంఖ్యగా నిలిచియున్నది.