హక్కు, భుక్తి, కార్డు: కూర్మన్నపాలెం నుంచి న్యాయచరిత్రకు కొన్ని ప్రశ్నలు

తెలుగువారి న్యాయచరిత్రను రాసేవారు సాధారణంగా రెండు రకాల ఆకరాలను ఆశ్రయిస్తారు. ఒకటి ధర్మశాస్త్ర వాఙ్మయం. 13వ శతాబ్దిలో కేతన మితాక్షరను అనుసరించి రచించిన విజ్ఞానేశ్వరము ఇందులో ముఖ్యమైనది. రెండవది వలసపాలన నాటి రెగ్యులేషన్లు, ఉన్నత న్యాయస్థానాల తీర్పులు. ఈ రెండింటిలోనూ చట్టం పైనుంచి కిందికి దిగివచ్చేదిగానే కనిపిస్తుంది. కిందనున్నవారు దానిని ఎలా అందుకొన్నారో, ఎలా దాచుకొన్నారో వీటిలో కనిపించదు.

ఈ లోపాన్ని గుర్తించిన చరిత్రకారులు ఇతర దేశాలలో చాలాకాలం కిందటే దారి మార్చుకొన్నారు. అమెరికాలో విల్లర్డ్ హర్స్ట్ 1964లో విస్కాన్సిన్ కలప వ్యాపారం ఆధారంగా చట్టచరిత్ర రాశాడు. ఇ.పి. థాంప్సన్ 1975లో, 1723 నాటి ఒక ఆంగ్లేయ చట్టాన్ని అడవిని నమ్ముకొని బతికినవారి వైపు నుంచి పరిశీలించాడు. మన రాజ్యాంగాన్ని సామాన్య కక్షిదారులు తమదిగా చేసుకొన్న తీరును రోహిత్ డే 2018లో గ్రంథస్థం చేశాడు. ఈ చూపుతో పరిశీలించదగిన స్థలం మనకు దగ్గరలోనే ఉన్నది. అది విశాఖ ఉక్కు కర్మాగారపు ముఖద్వారమైన కూర్మన్నపాలెం.

1966 ఉద్యమం ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్నది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. హక్కు అనే మాట అరబ్బీ నుంచి పారశీకం మీదుగా, పట్టా, దస్త్రం వంటి మాటల సరసన, భూమి లెక్కల ద్వారా మన వాడుకలో స్థిరపడింది. నినాదంలో దానికి కర్త ఒక జాతి. కర్మాగారానికి భూములిచ్చిన గ్రామస్థుల విషయంలో మాత్రం ఆ మాటకు అర్థాన్ని నిర్ణయించినది 1894 నాటి భూసేకరణ చట్టం.

ఆ చట్టాన్ని ఓపికగా చదవాలి. 4వ సెక్షను ప్రకటన వెలువడిన నాటి ధరే భూమికి ధర. కర్మాగారం రావడం వల్ల పెరగబోయే విలువను లెక్కలోకి తీసుకోరాదని 24వ సెక్షను స్పష్టంగా నిషేధించింది. అంటే ఆ నేల ఉక్కునగరం కావడం వల్ల కలిగే లాభం, ఆ నేలను దున్నినవానికి చెందదు. ఇల్లు విడిచిపోవలసి వస్తే? 23వ సెక్షను దానిని ‘సమంజసమైన ఖర్చుల’ పద్దుగా మాత్రమే గుర్తించింది. బలవంతంగా తీసుకొన్నందుకు ధరపై అదనంగా 15 శాతం. 1984 సవరణతో అది 30 శాతమైంది. పునరావాసం అనే భావన ఆ చట్టంలో లేదు.

చట్టంలో లేనిదానిని పాలనాయంత్రాంగం కాగితంపై సృష్టించింది. నిర్వాసిత కుటుంబాలకు ఇచ్చిన పునరావాస కార్డు, జనం నోట ‘ఆర్ కార్డు’, కర్మాగారంలో ఉద్యోగానికి ఆధారమైంది. ధర్మశాస్త్రకారులు లిఖితం, సాక్షి, భుక్తి అని మూడు మానుష ప్రమాణాలు చెప్పారు. ఈ కార్డు లిఖితమే. అయితే ఏ సెక్షను కిందా పుట్టని లిఖితం. పట్టా లేక కేవలం భుక్తితో సాగుచేసిన కౌలురైతుకు, కూలికి ఆ లిఖితమైనా దక్కడం కష్టమే. నా దృష్టిలో ఈ చరిత్రకు మూలపత్రం ఏ తీర్పూ కాదు, ఈ కార్డే.

తీర్పులను మాత్రమే చదివితే కథ త్వరగా ముగుస్తుంది. రూర్కెలా ఉక్కు కర్మాగారపు నిర్వాసితుల వ్యాజ్యంలో 1995లో సుప్రీంకోర్టు, పరిహారం చెల్లించాక ప్రతి కుటుంబానికీ ఉద్యోగం ఇవ్వకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణకు విరుద్ధం కాదన్నది. అయినా ఇక్కడ కార్డులను ఎవరూ పారవేయలేదు. తండ్రి పేరిట ఉన్న కార్డును కొడుకు దాచాడు. న్యాయస్థానం దృష్టిలో బలంలేని పత్రం ఇంటిలో ఆస్తిపత్రంగా నిలవడాన్ని న్యాయచరిత్ర పొరపాటు అవగాహనగా కొట్టివేయజాలదు.

‘నిర్వాసితుడు’ అన్న మాట కూడా ఆలోచింపజేస్తుంది. ధర్మశాస్త్రాలలో నిర్వాసనం ఒక దండన. నేరం చేసినవానిని రాజు దేశం నుంచి వెళ్లగొట్టడం. నేరమేమీ చేయక భూమినిచ్చినవానికి అదే మాట ఎలా స్థిరపడిందన్నది భాషాశాస్త్రజ్ఞులూ న్యాయచరిత్రకారులూ కలిసి చేయవలసిన పరిశోధన. పత్రికలు, అర్జీలు, సేకరణ అధికారుల అవార్డులు దానికి ఆకరాలు.

2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం కౌలుదారునీ కూలినీ కూడా ‘ప్రభావిత కుటుంబం’లో చేర్చింది. పునరావాసం దయ కాక బాధ్యత అయింది. కాని అవార్డు, స్వాధీనం, చెల్లింపు ఎన్నడో ముగిసిన భూములను అది తిరగదోడదు. అందువల్ల ఈ ప్రాంతపు నిర్వాసితులు నేటికీ 1894 చట్టపు నీడలోనే ఉన్నారు. 2021 జనవరిలో కేంద్రం ఈ సంస్థలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపినపుడు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. ప్రభుత్వ సంస్థ చేతులు మారితే, ఏ సెక్షనూ బలపరచని ఆ కార్డులోని మాటకు ఎవరు కట్టుబడాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతికేవారికి కావలసిన దస్త్రాలు కొన్ని కలెక్టరు కార్యాలయంలో ఉంటాయి; మిగిలినవి వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ ఇళ్లలోని పెట్టెలలో మడతలు చిరుగుతున్నాయి.