రెండు టీపాట్లు

అద్దెకు తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలల్లో అసిస్టెంటంటే నాకు యుగంధర్ పక్కన రాజే. ఒకరు ఆలోచిస్తారు, ఇంకొకరు పరిగెడతారు. ఆ అమరికని నేనెప్పుడూ ప్రశ్నించుకోలేదు. అగాథా క్రిస్టీ టామీ, టప్పెన్స్‌ల కీచులాటలు చదివి పడీపడీ నవ్వాకే, నవ్వింది దేనికా అని ఆలోచనలో పడ్డాను.

1922లో వచ్చిన 'ది సీక్రెట్ అడ్వర్సరీ'లో మొదటి ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. ఇద్దరికీ ఉద్యోగం లేదు. టీకి వెళితే ఆమె గట్టిగా చెబుతుంది, ఎవరి టీపాట్ వారికే రావాలని. ఆమె అసలు పేరు ప్రుడెన్స్. టప్పెన్స్ అంటే రెండు పెన్నీలు, మన అర్ధణా లాంటి పేరు! యుద్ధకాలంలో ఆస్పత్రిలో పళ్లేలు కడిగింది, గదులూడ్చింది, లారీ నడిపింది, చివరికి ఒక జనరల్‌గారి కారూ నడిపింది. క్రిస్టీ కూడా టార్కీ ఆస్పత్రిలో పనిచేసింది, విషాల గురించి మందులగదిలోనే నేర్చుకుంది. సైనికులు తిరిగొచ్చాక 1919లో బ్రిటన్ చట్టం చేసి మరీ ఫ్యాక్టరీల్లో పాత పద్ధతులు తెచ్చింది. ఆడవాళ్లు యంత్రాలు వదిలి ఇంటిదారి పట్టారు. 1918లో ఓటొచ్చింది గానీ ముప్ఫయ్యేళ్లు నిండినవాళ్లకే. టప్పెన్స్‌ వయసువాళ్లు 1928 దాకా ఆగాల్సొచ్చింది.

ఆ మరుసటి ఏడే 'పార్ట్‌నర్స్ ఇన్ క్రైమ్' పుస్తకంగా వచ్చింది. అప్పటికి వాళ్లకి పెళ్లయి ఆరేళ్లు. ఇద్దరూ కలిసి డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతారు. పేరులో భాగస్వాములు, ఆఫీసులో మాత్రం అతను యజమాని బ్లంట్, ఆమె సెక్రటరీ మిస్ రాబిన్సన్. పెళ్లయినావిడ 'మిస్' కావడం కథలో మారువేషమే. బయట మాత్రం పెళ్లయితే ఉద్యోగం వదలాలన్న నిబంధన బ్రిటిష్ సివిల్ సర్వీసులో 1946 దాకా ఉంది. ఒక్కో కేసులో ఒక్కో ప్రసిద్ధ డిటెక్టివ్‌ని అనుకరిస్తూ ఎవరు గొప్ప, ఎవరు సహాయకులు అని పోట్లాడుకుంటారు. గొప్ప వేషం ఎక్కువగా టామీదే. కిటుకు చాలాసార్లు తట్టేది ఆమెకి. చివర్లో ఆమె గర్భవతి, డిటెక్టివ్ పనికి స్వస్తి.

ఒక సహోద్యోగితో కలిసి నేను మొదలుపెట్టిన పుస్తకం అచ్చయ్యేనాటికి నా పేరు ముందుమాటలోని కృతజ్ఞతల్లోకి చేరింది. స్వీట్లు కూడా నేనే పంచాను. ఇక మిస్ రాబిన్సన్‌ని చూసి ఎలా నవ్వను?

క్రిస్టీ మాత్రం ఆమెని అక్కడ వదిలెయ్యలేదు. 1941లో 'ఎన్ ఆర్ ఎమ్?' వచ్చింది. మళ్లీ యుద్ధం, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. గూఢచారుల్ని పట్టే పని టామీ ఒక్కడికే ఇస్తారు. ఆమె వయసుకి నర్సు పని కూడా లేదు, ఊలు అల్లుకోవడమే. తను గదిలో లేదని నమ్మించి, చాటునుంచి అంతా వింటుంది టప్పెన్స్. స్కాట్లాండ్ వెళుతున్నానని భార్యకి అబద్ధం చెప్పి టామీ సముద్రపుటొడ్డున ఒక బోర్డింగ్‌హౌస్‌కి చేరతాడు. అక్కడ మిసెస్ బ్లెంకెన్‌సాప్ అనే పేరుతో ఒకావిడ అతనికన్నా ముందే వచ్చి, తలొంచుకుని ఊలు అల్లుకుంటూ కూర్చునుంది.