నేలమీది చోదకుడు

ఆకాశయానం పుట్టిన మరుసటి ఏడే దానికొక శాసనమూ పుట్టింది. పారిస్ ప్రజలు తొలిసారి బెలూన్లను చూసినది 1783లో. 1784 ఏప్రిల్‌లోనే, అనుమతి లేనిదే వాటిని ఎగురవేయరాదని ఆ నగర పోలీసు అధిపతి లెన్వార్ ఆజ్ఞాపించాడు. నిప్పు మోసుకుపోయే ఆ సంచి ఎవరి ఇంటికప్పు మీద పడుతుందోనన్నది నాటి భయం. నేడు ఐరోపాలో డ్రోన్ల నిబంధనలకు మూలం కూడా అటువంటి భయమే.

చోదకుడు లేని విమానాన్ని ఏ దేశం మీదుగానైనా ఆ దేశపు ప్రత్యేకానుమతి లేకుండా నడపరాదన్నది 1944 నాటి షికాగో ఒడంబడికలోని ఎనిమిదవ అధికరణం. డ్రోన్లు అంగడి సరుకయ్యాక ఆ ఒక్క వాక్యం చాలలేదు. 2008 నాటి ఐరోపా సమాఖ్య చట్టమేమో 150 కిలోల లోపువాటిని సభ్యదేశాలకే వదిలివేసింది. అందువల్ల సరిహద్దు దాటితే నియమం మారేది.

చిన్న యంత్రమైనా ప్రాణాంతకం కాగలదని 2015 డిసెంబరు 22న లోకం చూసింది. ఇటలీలోని మడోన్నా ది కాంపిల్యోలో జరిగిన స్కీయింగ్ పోటీలో, ఆస్ట్రియా క్రీడాకారుడు మార్సెల్ హిర్షర్ వాలు దిగుతూండగా, కెమెరా మోస్తున్న డ్రోన్ ఒకటి సరిగ్గా అతని వెనుకనే కూలింది. వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది.

2018లో కొత్త చట్టం ఆ 150 కిలోల గీతను చెరిపివేసింది. 2019లో వెలువడిన ఉమ్మడి నిబంధనలు 2020 డిసెంబరు 31 నుండి అమలయ్యాయి. ముప్పు తీవ్రతను బట్టి డ్రోన్ల వినియోగాన్ని అవి ఓపెన్, స్పెసిఫిక్, సర్టిఫైడ్ అని మూడు తరగతులుగా విభజించాయి. ముప్పు తక్కువైన ఓపెన్ తరగతిలో డ్రోన్ బరువు 25 కిలోలకు లోబడాలి. నేలనుండి 120 మీటర్లు మించి ఎగరరాదు. జనసమూహాల మీదుగా పోరాదు. నడిపేవాని పేరు రిమోట్ పైలట్. మద్యం మత్తులో నడపరాదు. యంత్రాన్ని కంటికి ఆనే దూరంలోనే ఉంచుకోవాలి. ఇతర విమానాలకుగాని, మనుషులకుగాని ముప్పు కలిగేటట్టుంటే తక్షణమే ఆపివేయాలి.

చదువరులు గమనింపదగిన మార్పు ఒకటుంది. 1944 నాటి వాక్యం "చోదకుడు లేని" విమానమన్నది. 2019 నాటి నిబంధన చోదకుడున్నాడనీ, దూరాన ఉన్నాడనీ అంటున్నది. విమానంలో కూర్చున్నవానికి తన ప్రాణం తీపి గనుక ఆ తీపే కొంత కాపలా కాస్తుంది. నేలమీద నిలిచినవానికి ఆ కాపలా లేదు. పడేది యంత్రం, తగిలేది పరులకు. ఆ లోటు పూడ్చడానికే ఇన్ని నియమాలు.