తాళాల మిస్త్రీకి డైరెక్టరీ ప్రకటన: పైసలు పెడితే గిరాకి వస్తదా?

కరీంనగర్ టవర్ సర్కిల్ గానీ, ఆదిలాబాద్ గాంధీ చౌక్ గానీ, డూప్లికేట్ చాబీలు చేసే మిస్త్రీకి ఇప్పుడు రెండు రకాల ఫోన్లు వస్తున్నాయి. ఒకటి, ఇంటి తలుపు పడిపోయి బయట నిలబడ్డవాళ్లది. రెండోది, "మీ దుకాణం పేరు ఆన్‌లైన్‌లో పైన చూపిస్తాం, నెలకు ఇంత కట్టండి" అనే ప్రకటనల ఏజెంట్లది. మొదటి ఫోన్ వస్తే సంపాదన, రెండో ఫోన్‌కు ఒప్పుకుంటే ఖర్చు. ఆ ఖర్చు తిరిగి వస్తుందా లేదా అన్నది చిన్న దుకాణం మీద బతికే కుటుంబానికి పెద్ద ప్రశ్నే. ఏడాదికి కట్టే సొమ్ము పిల్లల స్కూల్ ఫీజంత ఉంటుంది మరి.

డైరెక్టరీ అంటే ఏమిటి?

ల్యాండ్‌లైన్ రోజుల్లో టెలిఫోన్ శాఖ వేసే లావుపాటి పుస్తకం, అందులో వ్యాపారాల కోసం పసుపు పేజీలు ఉండేవి. ఆ పని ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. వి.ఎస్.ఎస్. మణి 1996లో ముంబైలో మొదలుపెట్టిన జస్ట్ డయల్ వీటిలో బాగా తెలిసిన పేరు. ఆ కంపెనీ 2013లో షేర్ మార్కెట్‌లోకి వచ్చింది, 2021లో రిలయన్స్ రిటైల్ చేతికి వెళ్లింది. సులేఖ కూడా ఇదే కోవలోది. ఇండియామార్ట్ ఎక్కువగా టోకు సరుకు అమ్మేవాళ్లకు, కొనేవాళ్లకు పనికొస్తుంది. చాబీ మిస్త్రీకి దానితో అవసరం తక్కువ. వీటన్నిటికంటే ఎక్కువమంది చూసేది మాత్రం గూగుల్ మ్యాప్స్.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ డైరెక్టరీల్లో పేరు, నంబర్, అడ్రస్ ఎక్కించడం ఉచితం. అందులో ఉన్న వ్యాపారాల్లో డబ్బు కట్టేవి కొద్ది శాతమే. డబ్బు తీసుకునేది పేరు పైన చూపించడానికి, వచ్చిన విచారణలను ఫోన్‌కు పంపడానికి, "వెరిఫైడ్" లాంటి ముద్ర వేయడానికి. అంటే కొనేది గిరాకిని కాదు, గిరాకి దొరికే అవకాశాన్ని. ఒకే విచారణను నలుగురైదుగురు మిస్త్రీలకు పంపే పద్ధతి కూడా ఉంది. ముందు ఫోన్ చేసినవాడికి, లేదా తక్కువ రేటు చెప్పినవాడికి పని పోతుంది.

పనిని బట్టి ప్రకటన

తాళాల పని పైకి ఒకటే అనిపించినా లోపల మూడు రకాలు.

మొదటిది బల్ల మీది పని. బైక్ చాబీ, బీరువా చాబీ, ఇంటి తాళానికి డూప్లికేట్. దీనికి జనం బజారుకు వచ్చినప్పుడు ఎదురుగా కనిపించిన బల్ల దగ్గర ఆగుతారు. ఫోన్‌లో వెతకరు. ఈ పనికి డైరెక్టరీ ప్రకటన దాదాపు దండగ.

రెండోది అర్జెంటు పని. తలుపు లాక్ పడింది, కారులో చాబీ ఉండిపోయింది, బీరువా తెరుచుకోవడం లేదు. ఇలాంటప్పుడు మనిషి ముందు పక్కింటివాళ్లను అడుగుతాడు, తెలియకపోతే ఫోన్ తీస్తాడు. డైరెక్టరీ పనికొచ్చేది ఇక్కడే.

మూడోది పెద్ద పని. చిప్ ఉన్న కారు చాబీ ప్రోగ్రామింగ్, డిజిటల్ లాక్ బిగించడం, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు, ఆఫీసుల తాళాలు. దీనికి యంత్రం కావాలి, నేర్పు కావాలి. ఒక్కో పనికి మిగిలేది ఎక్కువ కాబట్టి ప్రకటన ఖర్చు తట్టుకునే శక్తి దీనికే ఉంది.

లెక్క వేసి చూద్దాం

ఒక ప్యాకేజీ నెలకు 1,500 రూపాయలు అనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే. అసలు రేటు ఊరిని బట్టి, బేరాన్ని బట్టి మారుతుంది. ప్రకటనల సేవపై 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు 1,770, ఏడాదికి 21,240 రూపాయలు. సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే కట్టిన ఆ పన్ను తిరిగి రాదు. కాబట్టి ఏజెంట్ చెప్పే రేటు కాకుండా, పన్ను కలిపిన రేటుతోనే లెక్క వేయాలి.

ఇప్పుడు ఆ 21,240 తిరిగి రావాలంటే:

- ఒక డూప్లికేట్ చాబీకి ఖర్చులు పోను 40 రూపాయలు మిగిలితే 531 చాబీలు చేయాలి.
- ఇంటికి వెళ్లి తాళం తీసిన పనికి పెట్రోల్ పోను 300 మిగిలితే 71 పనులు, అంటే నెలకు ఆరు.
- కారు చిప్ చాబీకి 1,200 మిగిలితే 18 పనులు, అంటే రెండు నెలలకు మూడు.

ఇవి ప్రకటన వల్ల అదనంగా రావాల్సిన పనులు. మామూలుగా వచ్చే గిరాకి ఇందులో లెక్కకు రాదు. పది ఫోన్లలో రెండే పని అవుతాయనుకుంటే, నెలకు ఆరు పనుల కోసం 30 ఫోన్లు రావాలి. అన్ని ఫోన్లు ఈ ఊళ్లో వస్తాయా అన్నది సంతకం పెట్టకముందే ఆలోచించాలి.

కరీంనగర్ వేరు, ఆదిలాబాద్ వేరు

కరీంనగర్ 2005 నుంచి మున్సిపల్ కార్పొరేషన్. అద్దె ఇళ్లు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు, కార్లు పెరిగాయి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ముకరంపురలో ఏ మిస్త్రీ ఉన్నాడో, కశ్మీర్‌గడ్డలో ఎవరున్నారో తెలియదు. వాళ్లు ఫోన్‌లోనే వెతుకుతారు. రాజీవ్ రహదారి మీద వెళ్లే బండ్ల గిరాకీ ఉంటుంది. కారు చాబీల యంత్రం ఉన్న దుకాణానికి ఇక్కడ ప్రకటన కొంతవరకు కలిసి రావచ్చు.

ఆదిలాబాద్‌లో మొహల్లా పరిచయాలే ఇంకా బలం. ఊళ్లో గిరాకి నోటిమాట మీద నడుస్తుంది. కానీ 44వ జాతీయ రహదారి మీద వెళ్లే లారీ డ్రైవర్, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాడు మాత్రం ఎవరినీ ఎరగడు. అతను తెలుగులో వెతకకపోవచ్చు. "తాలా చాబీ", "చాబీ వాలా" అని వెతుకుతాడు. అందుకే దుకాణం వివరాల్లో తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ మాటలూ ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకో చిక్కు జిల్లాల పేర్లతో ఉంది. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగుగా విడిపోయింది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలు వచ్చాయి. "జిల్లా మొత్తం మీ పేరు వస్తుంది" అని ఏజెంట్ చెబితే ఏ జిల్లా, ఏయే ఊళ్లు అని అడగాలి. ఆదిలాబాద్ మిస్త్రీకి మంచిర్యాల నుంచి ఫోన్ వస్తే ఏం లాభం? పోయిరావడానికే రోజు గడిచిపోతుంది, పెట్రోల్ పైసలు కూడా రావు.

ముందు ఉచితంగా చేయాల్సినవి

డబ్బు కట్టే ముందు మూడు నెలలు ఉచిత పద్ధతులు వాడి చూడటం తెలివైన పని.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవాలి. 2021 చివరి వరకు దీని పేరు గూగుల్ మై బిజినెస్. ఇది పూర్తిగా ఉచితం. దుకాణం, బోర్డు, పనిముట్లు వీడియో తీసి చూపించమని అడగవచ్చు. బల్ల లేకుండా ఇళ్లకు వెళ్లి పనిచేసే మిస్త్రీ కూడా, అడ్రస్ దాచి, తాను వెళ్లే ప్రాంతాలు మాత్రమే చూపించే వీలుంది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, పైసలు కట్టకపోతే మీ దుకాణం మ్యాప్ నుంచి పోతుంది" అని ఎవరన్నా ఫోన్ చేస్తే అది మోసం. డబ్బు పోయిందంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

సమయాలు సరిగ్గా రాయాలి. జుమా నమాజ్ వేళ దుకాణం మూస్తే ఆ సంగతి ప్రొఫైల్‌లో ఉండాలి. రంజాన్‌లో రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటే అదీ రాయాలి. ఎత్తని ఫోన్ పక్క దుకాణానికి పోయినట్టే.

పని అయ్యాక రివ్యూ రాయమని అడగడంలో తప్పు లేదు. కొన్న రివ్యూలు మాత్రం వద్దు. ఆన్‌లైన్ రివ్యూల నిజాయితీ కోసం 2022లో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. పది నిజమైన రివ్యూలు చాలు.

పాత పద్ధతులను మరవకూడదు. హార్డ్‌వేర్ దుకాణం, బైక్ మెకానిక్, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మొహల్లా వాట్సాప్ గ్రూపు, వీళ్లందరి దగ్గర నంబర్ ఉండాలి. చేసిన ప్రతి తాళానికి వెనక చిన్న స్టిక్కర్ అంటించినా, మళ్లీ అవసరం పడ్డప్పుడు అదే డైరెక్టరీ.

సంతకానికి ముందు అడగాల్సినవి

1. పన్ను కలిపి మొత్తం ఎంత? ఎన్ని నెలల ఒప్పందం? మూడు నెలలకు ఇస్తారా?
2. విచారణ ఒక్కరికే వస్తుందా, ఇంకా ఎంతమందికి పోతుంది?
3. నెలకు ఎన్ని ఫోన్లు వస్తాయన్నది కాగితం మీద రాసిస్తారా? నోటిమాటకు విలువ లేదు.
4. మధ్యలో ఆపాలంటే ఎన్ని రోజుల ముందు, ఎవరికి, ఎలా చెప్పాలి?
5. డబ్బు బ్యాంకు నుంచి దానంతట అదే కట్ అవుతుందా?

ఐదో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. నెలనెలా కట్ అయ్యేలా బ్యాంకు మ్యాండేట్ మీద సంతకం పెడితే, ఖాతాలో డబ్బు లేని నెల బ్యాంకు జరిమానా వేస్తుంది. పదేపదే తిప్పి పంపితే చట్టపరమైన చిక్కులూ రావచ్చు. యూపీఐ ఆటోపే అయితే యాప్‌లోనే రద్దు చేసుకునే వీలుంది. "ఇయ్యాలే కడితే సగం రేటు" అని తొందరపెడితే ఒక రోజు ఆగాలి. నిజంగా మంచి ప్యాకేజీ అయితే రేపు కూడా ఉంటుంది. ఏజెంట్లకు ఓటీపీ చెప్పకూడదు. అక్కరలేని కాల్స్ ఆపడానికి 1909లో నమోదు చేసుకోవచ్చు. చెప్పిన సేవ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో సలహా దొరుకుతుంది.

ప్రకటనకు కట్టిన తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టాలి. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "నంబర్ ఎక్కడ దొరికింది?" అని అడిగి రాసుకోవాలి. మూడు నెలలకు ఆ నోట్‌బుక్కే జవాబు చెబుతుంది.

ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సింది

డైరెక్టరీలో పేరు పైన ఉందంటే ఆ మిస్త్రీ నమ్మకస్తుడని అర్థం కాదు. డబ్బు కట్టినా పేరు పైకి వస్తుంది. అమెరికాలో దొంగ అడ్రస్‌లతో తాళాల దుకాణాలు పుట్టించి, ఫోన్‌లో తక్కువ రేటు చెప్పి, వచ్చాక ఎన్నో రెట్లు వసూలు చేసే ముఠాల గోల ఏళ్లుగా ఉంది. 2025 మార్చిలో గూగుల్ ఇలాంటి నకిలీ ప్రొఫైళ్ల మీద కోర్టుకు వెళ్లింది. తన పేరుతో ఎవరో మ్యాప్‌లో దుకాణం నడుపుతున్నారని టెక్సస్‌లోని ఒక వ్యాపారి ఇచ్చిన ఫిర్యాదుతో తీగ లాగితే, పదివేలకు పైగా నకిలీ లిస్టింగులు బయటపడ్డాయని ఆ కంపెనీ చెప్పింది.

మన ఇళ్లలో బీరువాలోనే బంగారం, ఇంటి కాగితాలు ఉంటాయి. అందుకే మిస్త్రీని పిలిచేటప్పుడు దుకాణం ఎక్కడో అడగాలి, రేటు ముందే మాట్లాడుకోవాలి. బీరువా తెరిచే వేళ ఇంటివాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. "నూనె తెండి, నీళ్లు తెండి" అన్నా వదిలి పోకూడదు. మిస్త్రీ కూడా పిలిచినవాళ్ల గుర్తింపు కార్డు చూసి, రిజిస్టర్‌లో పేరు, నంబర్ రాసుకోవాలి. రేపు ఏదన్నా కేసు వస్తే ఆ రిజిస్టరే అతనికి రక్ష.

సర్కారు సాయం కూడా ఉంది

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో తాళాలు చేసే పని ఒకటి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేసుకోవాలి. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వోచర్ ఇస్తారు. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం కూడా ఉంది. వడ్డీ వద్దనుకునేవాళ్లు రుణం తీసుకోకుండా శిక్షణ, పనిముట్ల సాయం వరకే తీసుకోవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. దానికి ఎవరూ ఫీజు అడగకూడదు.

ఎవరికి లాభం, ఎవరికి దండగ?

బల్ల మీద చాబీలు చేసే మిస్త్రీకి నెలనెలా కట్టే ప్రకటన అక్కరలేదు. గూగుల్ ప్రొఫైల్, మంచి బోర్డు, ఎత్తే ఫోన్ చాలు. ఇళ్లకు వెళ్లి పనిచేసేవాళ్లు ముందు ఉచిత పద్ధతులు వాడి, ఆ తర్వాత కావాలంటే మూడు నెలల చిన్న ప్యాకేజీ చూడవచ్చు. కారు చాబీల యంత్రం, చేతికింద ఒక మనిషి, పిలవగానే వెళ్లడానికి బండి ఉన్న దుకాణానికే, అదీ కరీంనగర్ లాంటి పెరుగుతున్న ఊళ్లోనే, డబ్బు కట్టే ప్రకటన నిలబడే అవకాశం ఉంది. ఏజెంట్‌కు అవునని చెప్పే ముందు ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ పైసలతో ఒక మంచి పనిముట్టు కొంటే ఎక్కువ పని వస్తుందా, ప్రకటన ఇస్తే వస్తుందా? చాలా దుకాణాలకు జవాబు పనిముట్టే.