స్టెంటు, దాని వెంట వచ్చిన మాత్ర

మౌలాలి నుంచి తార్నాక మీదుగా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వచ్చే దారిలో ఏ మందుల దుకాణం దగ్గరైనా 'రక్తం పలచబడే మాత్ర' అన్న మాట వినిపిస్తుంది. వాడుకలో స్థిరపడిన మాటే గానీ సరైనది కాదు. ఈ మందులు రక్తాన్ని పలచన చేయవు, గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి.

ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే గుండె రక్తనాళాల చికిత్స చరిత్ర దీని మీదే మలుపు తిరిగింది. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో గ్రూంట్‌జిగ్ మూసుకుపోతున్న నాళాన్ని బుడగతో తెరిచాడు. అలా తెరిచిన నాళం మళ్ళీ కుంచించుకుపోకుండా 1986లో లోహపు జాలీ, అంటే స్టెంటు, వచ్చింది. లోహం తగిలితే రక్తం గడ్డకడుతుంది. అందుకని వైద్యులు హెపారిన్, వార్ఫరిన్ భారీగా ఇచ్చారు. వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్ముడైనదే! అయినా కొందరికి స్టెంటు మూసుకుపోయేది, మరికొందరికి తొడ దగ్గర గొట్టం దూర్చిన చోట రక్తం ఆగేది కాదు. స్టెంటు మీద మొదట అతుక్కునేవి ప్లేట్‌లెట్లు. వార్ఫరిన్ వాటిని అడ్డుకోదు. 1990ల మధ్యలో ఇటలీ, జర్మనీ వైద్యులు ఆస్పిరిన్‌తో టిక్లోపిడిన్ కలిపి ఇచ్చి, పాత పద్ధతి కంటే ఇదే మేలని చూపారు. టిక్లోపిడిన్ కొందరిలో తెల్ల రక్తకణాలను తగ్గించేది. దాని స్థానంలోకి క్లోపిడోగ్రెల్ వచ్చింది.

ఆ దశాబ్దంలోనే హైదరాబాదులో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటు తయారు చేయించారు. కలాం-రాజు స్టెంటు అందరికీ గుర్తుంది. మాత్రకు మాత్రం అలాంటి పేరు లేదు, కథా లేదు. నా దృష్టిలో ఇది చరిత్ర రచనలో లోపమే. స్టెంటు వేయడం గంట పని, మాత్ర నెలల తరబడి మింగాలి. ధర భరించలేక మధ్యలో ఆపితే స్టెంటు హఠాత్తుగా మూసుకుపోవచ్చు. మనిషి ప్రాణం పోవచ్చు.

మరి మాత్ర చవకగా ఎలా దొరికింది? 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. కొత్త పద్ధతి కనిపెట్టగల రసాయన శాస్త్రజ్ఞులు ఈ నగరంలో ఉన్నారు. 1944లో మొదలై, నేడు తార్నాకలో ఐ.ఐ.సి.టి.గా ఉన్న ప్రయోగశాల, బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. అటువంటి వారిని తయారు చేశాయి. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో సొంత కంపెనీ పెట్టారు. 2005లో చట్టం మారేలోపే క్లోపిడోగ్రెల్‌ను భారతీయ కంపెనీలు తయారు చేయసాగాయి.

మీ ఇంట్లో 1990ల నాటి గుండె జబ్బు మందుల చీటీ ఏదైనా ఉంటే తీసి చూడండి. అందులో టిక్లోపిడిన్ పేరు కనిపిస్తే పారేయకండి. ఈ పాఠానికి అదే మూలాధారం.