షాపు కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 10 ఉందా? కొత్తది కొనే ముందు ఇవి చూసుకోండి

బిల్లింగ్ కౌంటర్‌లో కంప్యూటర్ బాగానే ఆన్ అవుతోంది. బిల్లులు వస్తున్నాయి, జీఎస్టీ రిటర్న్ కూడా దాన్నుంచే వెళ్తోంది. మరి మార్చాల్సిన పనేంటి? చాలామంది వ్యాపారులు అనేమాట ఇదే. కానీ అందులో ఉన్నది విండోస్ 10 అయితే ఓసారి ఆగి చూసుకోవాలి. 2025 అక్టోబర్ 14తో ఈ వెర్షన్‌కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ఆపేసింది. 2015 జులైలో వచ్చిన విండోస్ 10 పదేళ్లు నడిచింది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు కూడా అదే రోజు ఆఖరు.

ఆగిపోతే ఏమవుతుంది?

మర్నాటికి మర్నాడే ఏమీ కాదు. కంప్యూటర్ ఆగిపోదు, ఫైల్స్ ఎక్కడికీ పోవు. అందుకే ఎవరూ పట్టించుకోరు. అసలు సమస్య ఏంటంటే, సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఏదైనా లోపం బయటపడితే దాన్ని సరిచేసే సెక్యూరిటీ అప్‌డేట్ ఇక మీ సిస్టమ్‌కి రాదు. యాంటీవైరస్ ఉందిగా అంటారా? తలుపుకి తాళం ఉంది సరే, గోడకే కన్నం ఉంటే?

2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా ఎలా తిరిగిందో గుర్తుందా? ఫైల్స్ అన్నీ లాక్ చేసి, డబ్బు కడితేనే తెరుస్తామంటూ స్క్రీన్ మీద మెసేజ్ పెట్టింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. దెబ్బతిన్నది ఎక్కువగా ఆ అప్‌డేట్ వేసుకోని సిస్టమ్సే. అప్‌డేటే రాని సిస్టమ్ సంగతి ఇక వేరే చెప్పాలా?

మీ సిస్టమ్ విండోస్ 11కి పనికొస్తుందా?

ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ ఓపెన్ చేయండి. ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ5-6500 అని ఉంటే 6వ తరం, ఐ5-8400 అంటే 8వ తరం. గీత తర్వాత మొదటి అంకె చూస్తే చాలు (అక్కడ అయిదు అంకెలుంటే మొదటి రెండు చూడాలి). ఇంటెల్ అయితే 8వ తరం నుంచి విండోస్ 11కి అర్హత ఉంటుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలన్నది కంపెనీ లెక్క. కానీ 4 జీబీతో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ రెండూ తెరిస్తే మాత్రం కస్టమర్ ముందు మీరు తిప్పలు పడటం ఖాయం. 8 జీబీ ఉంటేనే మాట్లాడుకోవాలి.

ఇక టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. 'మీ సిస్టమ్‌లో టీపీఎం లేదు' అని మెసేజ్ రాగానే కొత్తది కొనేయకండి. చాలా సిస్టమ్స్‌లో అది ఉంటుంది, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. మెకానిక్‌కి ఈ పేరు చెప్పండి, అయిదు నిమిషాల పని.

పాత సిస్టమ్‌లోనే ఏదో ట్రిక్‌తో విండోస్ 11 వేసిస్తామనేవాళ్లు ఉన్నారు. వేయొచ్చు, నడుస్తుంది కూడా. కానీ అర్హత లేని సిస్టమ్స్‌కి అప్‌డేట్స్ గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అలాంటప్పుడు ఆ ఖర్చు దేనికి? 'యాక్టివేటర్' పెట్టి ఫ్రీగా వేసే విండోస్ జోలికి అసలు పోవద్దు. వైరస్‌లు సిస్టమ్‌లోకి వచ్చే దారుల్లో అదొకటి.

ఇప్పుడే కొనలేకపోతే?

ఇళ్లలో వాడే సిస్టమ్స్‌కి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే స్కీమ్ పెట్టింది. దీంట్లో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్తే ఎన్‌రోల్ లింక్ ఉంటుంది. కనిపించకపోతే ముందు 22హెచ్2 వెర్షన్‌కి మారాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అది వద్దనుకుంటే 30 డాలర్లు, అంటే దానికి సరిపడా మన రూపాయలు. సర్వర్ డొమైన్‌లో ఉన్న ఆఫీస్ సిస్టమ్స్‌కి మాత్రం ఈ దారి లేదు. వాటికి మొదటి ఏడాది ఒక్కోదానికి 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. నాలుగైదు సిస్టమ్స్ ఉన్న ఆఫీస్‌కైతే ఈ లెక్కన పాతవాటి మీద పెట్టడం కన్నా కొత్తవి కొనుక్కోవడమే నయం.

ఇంట్లో పిల్లల చదువుకి, యూట్యూబ్‌కి, మెయిల్స్‌కి వాడే పాత కంప్యూటర్ అయితే లైనక్స్ మింట్ వేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. కానీ షాపుకి ఈ సలహా ఇవ్వలేం. టాలీ ప్రైమ్ విండోస్‌కి చేసిన సాఫ్ట్‌వేర్, లైనక్స్‌లో నేరుగా నడవదు. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, బిల్ ప్రింటర్ డ్రైవర్లు కూడా ముందు సరిచూసుకోవాలి.

డీటీపీ సెంటర్ల బాధ వేరు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, దాంతోపాటు అను స్క్రిప్ట్ మీద ఇప్పటికీ శుభలేఖలు, కరపత్రాలు చేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. కొత్త విండోస్‌కి మారితే చేతికి అలవాటైన పని ఎక్కడ ఆగిపోతుందోనని భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అలాంటివాళ్లు పాత సిస్టమ్‌ని అలాగే ఉంచి, దానికి ఇంటర్నెట్ మాత్రం తీసేయండి. మెయిల్, వాట్సాప్ వెబ్, బ్యాంక్ పనులకి వేరే సిస్టమ్ పెట్టుకోండి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు ఆ కొత్తదాంట్లో స్కాన్ చేశాకే పాతదాంట్లో పెట్టాలి.

ఏం చేసినా, ముందు బ్యాకప్

నిజానికి కంప్యూటర్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. పదేళ్ల ఖాతాలు ఎక్కడ కొంటారు? జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంటే ఆరేళ్లు. 'హార్డ్‌డిస్క్ పోయింది సార్' అంటే అధికారులు ఒప్పుకుంటారనుకోకండి.

బ్యాకప్ రెండు చోట్ల ఉండాలి. ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో, రెండోది గూగుల్ డ్రైవ్ లాంటి క్లౌడ్‌లో. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్‌ని సీపీయూకే గుచ్చి వదిలేస్తారు. రాన్సమ్‌వేర్ వస్తే కంప్యూటర్‌తో పాటు అదీ లాక్ అయిపోతుంది! కాపీ అవగానే తీసేయండి, రాత్రికి ఇంటికి పట్టుకెళ్లండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి బిల్లు కనిపిస్తోందో లేదో చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఇంకో మాట. 'మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఎనీడెస్క్ కోడ్ చెప్పండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే కట్ చేయండి. అలా ఎవరూ ఫోన్ చేయరు. కోడ్ చెప్పేసి డబ్బు పోతే నెట్ ఆపేసి, ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

పాత సిస్టమ్‌ని సెకండ్ హ్యాండ్‌లో అమ్మాలనుకుంటే డిలీట్ కొట్టి ఇచ్చేయకండి, డిలీట్ చేసిన ఫైల్స్‌ని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. హార్డ్‌డిస్క్ విప్పి మీ దగ్గరే పెట్టుకుని, మిగతాది అమ్మండి. రేటు కాస్త తగ్గిస్తారు, తగ్గించుకోనివ్వండి.