రోటీ మీది చిన్న తోయ్

మొన్న ఫోన్‌లో అమ్మీ ఖైరియత్ అడుగుతూ ఉర్దూలో మెసేజ్ పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసిందట. "ఇది ఖురాన్ షరీఫ్ రాత బేటా, ఖత్ రాసే రాత కాదు" అంది. నిజమే. ఆమె ఫోన్ ఉర్దూని నస్ఖ్‌లో చూపిస్తోంది. అమ్మీ కళ్లకు అలవాటైంది కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా జారే నస్తలీఖ్.

నస్తలీఖ్ పేరులోనే కలగలుపు ఉంది. నస్ఖ్, తాలీఖ్ అనే రెండు రాతల పేర్లు కలిసి ఆ పేరైంది. అది ఇరాన్‌లో పుట్టింది. అరబ్బీకి 28 హర్ఫులు. ఫార్సీవాళ్లు పే, చే, ఝే, గాఫ్ చేర్చుకున్నారు. హిందుస్తాన్‌కి వచ్చాక అవీ చాల్లేదు. రోటీ, డబ్బా, లడ్కా అని రాయడమెలా? తే, దాల్, రే హర్ఫుల మీద చిన్న తోయ్ పెట్టుకున్నారు. ఖాలిస్ అనుకునే మన లిపి మూడు దేశాల జోడింపు.

అచ్చు యంత్రం వచ్చాక పేచీ మొదలైంది. నస్తలీఖ్‌లో పక్క హర్ఫుని బట్టి హర్ఫు రూపం మారుతుంది, ఎత్తూ మారుతుంది. సీసపు అచ్చుల్లో అది సరిగ్గా ఇమడలేదు. అందుకే కాతిబ్ చేత్తో రాసిందాన్ని రాతి మీదికెక్కించి అచ్చు వేసేవారు. 1927లో మొదలైన చెన్నై 'ముసల్మాన్' పత్రికనైతే కంప్యూటర్ల జమానాలోనూ చేత్తోనే రాశారు.

ఈ చిక్కుముడి విప్పింది పాకిస్తాన్‌కి చెందిన మీర్జా అహ్మద్ జమీల్. కలిసుండే హర్ఫుల గుత్తుల్ని సుమారు 20 వేలు రాశారు. ఇంగ్లండ్‌లోని మోనోటైప్ కంపెనీ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. వాటిని పక్కపక్కన పేరిస్తే ఏ లఫ్జ్ అయినా తయారు. వాలిద్ నూర్ అహ్మద్ పేరు మీద దానికి 'నూరీ నస్తలీఖ్' అని పేరు పెట్టారు. 1981లో లాహోర్ 'జంగ్' పత్రిక దానితో వచ్చింది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. పాకిస్తాన్ కలం, ఇంగ్లండ్ మెషిన్, ఢిల్లీ సాఫ్ట్‌వేర్! సరిహద్దులో తుపాకులు ఎటు తిరిగి ఉన్నా హర్ఫులు మాత్రం వచ్చిపోతూనే ఉన్నాయి.

తర్వాత యూనికోడ్. తెలుగు 'ట'కి ఒక నంబరు, ఉర్దూ 'టే'కి ఒక నంబరు, రెండూ ఒకే పట్టికలో. ఫోన్‌లో వెళ్లేది ఆ నంబరే. దానికి నస్ఖ్ తొడగాలా, నస్తలీఖ్ తొడగాలా అన్నది ఫాంట్ పని. అమ్మీకి వెళ్లిన మెసేజ్‌లో హర్ఫులు సరైనవే, లిబాస్ వేరు.

నష్టమేమీ లేదా? ఉంది. ఒకప్పుడు కాతిబ్ కాతిబ్‌కీ చేతివాటం వేరు. రాత చూసి ఎవరిదో చెప్పేవారు. ఇప్పుడు ఏ పత్రిక తెరిచినా దాదాపు ఒకటే చెయ్యి కనిపిస్తుంది. ఎందరో కాతిబ్‌ల రోజీ పోయింది. మెషిన్‌కి ఆ హునర్ నేర్పింది కూడా ఒక కలమేనని మాత్రం మరిచిపోకూడదు.

మా అమ్మాయి తన దాదీకి తెలుగు హర్ఫుల్లో ఉర్దూ రాస్తుంది. తప్పనను. తే మీద తోయ్ పెట్టినవాళ్లూ ఉన్నదాంతోనే సర్దుకున్నారు. కానీ దాదీ రాసే జవాబు కూడా తను చదవగలగాలి కదా! అమ్మీ ఫోన్‌లో నస్తలీఖ్ ఫాంట్ పెట్టించాను. జుమా రోజు అస్ర్ తర్వాత ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడుతున్నాను. అలిఫ్, బే అయ్యాయి. పోయిన జుమాకి 'రోటీ' దాకా వచ్చాం.